రిడీమ్ అనే క్రియ, దాని పాత బాకీలు

ఇంగ్లీషులో రిడీమ్ అనే క్రియ చర్చిలోనూ తాకట్టు కొట్టులోనూ ఒకే మర్యాదతో చెలామణి అవుతున్నది. దీనికి మూలం లాటిన్‌లోని రెడిమెరె. ‘తిరిగి’ అనే ఉపసర్గ, ‘కొను’ అనే ధాతువు కలిసిన ఈ పదానికి, చేజారిన తన సొత్తును వెల ఇచ్చి మళ్లీ తెచ్చుకోవడమని అర్థం. దీని నామరూపమే పాత ఫ్రెంచివారి నోట నలిగి రాన్సమ్‌గా కూడా ఇంగ్లీషులోకి వచ్చింది కనుక, మనుషులను ఎత్తుకుపోయినవాడు అడిగే సొమ్మూ దైవం అనుగ్రహించే రక్షణా ఒకే తల్లి బిడ్డలు.

ఈ చుట్టరికం క్రైస్తవ వేదాంతులను నిజంగానే ఇబ్బంది పెట్టింది. క్రీస్తు తన ప్రాణాన్ని విమోచన క్రయధనంగా ఇచ్చాడని సువార్త చెబుతుంది. తెలుగు బైబిలు అనువాదకులు కూడా ‘క్రయ’ శబ్దాన్ని దాచకుండా ఉంచి, బేరం జరిగిందన్న సంగతిని ఒప్పుకున్నారు. అయితే క్రయధనం ఇచ్చినవాడు తెలిసినప్పుడు పుచ్చుకున్నవాడెవడన్న ప్రశ్న రాక మానదు. 3వ శతాబ్దపు ఓరిజెన్ సైతాను వైపు వేలు చూపగా, 11వ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్, సైతానుకు ఎవరైనా బాకీ పడడమేమిటని కొట్టిపారేసి, ఆ బాకీని దేవుని గౌరవం ఖాతాకు మార్చాడు. రసీదు ఎవరి పేర రాయాలో తేలడానికి ఇంతకాలం పట్టిన వ్యవహారం రిజిస్ట్రారు కార్యాలయాల్లో సైతం అరుదు.

న్యాయశాస్త్రం ఈ క్రియను మరింత నిబ్బరంగా వాడుకున్నది. భారతదేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను, అప్పు గడువుకు వచ్చాక సొమ్ము చెల్లించి తనఖా ఆస్తిని విడిపించుకునే హక్కును రుణగ్రస్తుడికి ఇస్తుంది. ఆ హక్కుకు అడ్డుపుల్ల వేసే షరతు పత్రంలో ఎంత అందంగా రాసి ఉన్నా కోర్టులు దానిని లెక్కచేయవు. విడుదల దావాకు 1908 నాటి కాలపరిమితి చట్టం 60 ఏళ్ల గడువు ఇచ్చింది కాబట్టి, తాత తనఖా పెట్టిన మడిని మనవడు విడిపించుకునే వెసులుబాటు ఉండేది. 1963 చట్టం దానిని 30 ఏళ్లకు కుదించి ఆ భారాన్ని కొడుకు మీదనే వదిలింది.

వాగ్దానం విషయంలో రిడీమ్ అంటే మాట నిలబెట్టుకోవడం. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ప్రసంగం ఆరంభంలోనే నెహ్రూ ఈ క్రియను ప్రయోగించి, ప్రతిజ్ఞ పూర్తిగా కాకున్నా చాలావరకు తీరుతున్నదని జాగ్రత్తగా చెప్పాడు. ఇది నోటు వెనుక పాక్షిక జమ రాయించే పద్ధతి, చరిత్రలో ఇంత గంభీరంగా జమ రాసినవారు మరొకరు లేరు. సినిమా సమీక్షకులు ఇదే క్రియను, కథ పోయినా పాటలు నిలబెట్టాయని చెప్పడానికి వాడతారు. ఆ సినిమా చూసినవారి డబ్బు మాత్రం విడుదల కాదు.

ఈ క్రియ ధాత్వర్థం ఇప్పటికీ చెక్కుచెదరకుండా కనిపించేది బంగారం మీద అప్పిచ్చే చోటనే. గొలుసును గీటురాయి మీద గీసి, రాళ్ల బరువు తీసివేసి నికర బరువు కట్టి, సంచిలో పెట్టి సీలు వేస్తారు. వడ్డీతో సహా బాకీ తీరిన రోజున అదే సంచిని యజమాని ఎదుట విప్పి మళ్లీ తూస్తారు. ఆ కొద్ది నిమిషాలపాటు తన గొలుసునే పరాయి నగలాగా అనుమానంగా పరీక్షించే గృహిణి ముఖంలో కనిపించే విమోచనానందాన్ని ఏ వేదాంతీ వర్ణించలేదు, బహుశా వారెవరూ నగలు కుదువ పెట్టినవారు కాకపోవడం వల్ల.

ఇటీవల ఈ క్రియ తలకిందులైంది. క్రెడిట్ కార్డు వాడకం మీద జమయ్యే రివార్డు పాయింట్లను రిడీమ్ చేసుకోవాలంటారు; కానీ అక్కడ దొరికే వస్తువు కొనేవాడు ఎన్నడూ పోగొట్టుకున్నది కాదు, పోగొట్టుకున్నది ఆ పాయింట్ల కోసం చేసిన ఖర్చు మాత్రమే, అది తిరిగి రాదు. పాయింట్లకు ఈ రాత్రితో గడువు తీరుతుందని, వెంటనే లింకు నొక్కి రిడీమ్ చేసుకోవాలని మోసగాళ్లు పంపే సందేశాలను నమ్మి ఖాతా ఖాళీ చేసుకున్నవారి విషయంలో ఆ క్రియ తిరిగి దోపిడీ గుహకే చేరుకున్నది. నిజమైన సందేశాలను నమ్మినవారికైనా వెల తప్పదు: కొన్ని కార్డులు ఒక్కో రిడెంప్షనుకు 99 రూపాయల రుసుము వసూలు చేసి, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ కూడా కట్టించుకుంటాయి.