నడక వాళ్లది, మోత నాది

దీన్ని సోమవారం ప్రజావాణిలో ఇద్దామనే మొదట అనుకున్నాను. అర్జీ కూడా రాసిపెట్టుకున్నాను. కానీ ఏ శాఖకు పంపాలో తేలలేదు. దేవాదాయ శాఖకు ఇద్దామంటే, గొడవ మొక్కుతో కాదు, మొక్కు తీర్చిన పద్ధతితో. రవాణా శాఖకు ఇస్తే ముందు నా బండి కాగితాలు అడుగుతారు. మహిళా శిశు సంక్షేమం వాళ్ల దగ్గరికి నాకంటే ముందు మా ఆవిడే పోయి కూర్చుంటుంది. కాబట్టి పాఠకుల కోర్టులోనే వేస్తున్నాను.

అర్జీదారు కామారెడ్డి వాస్తవ్యుడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఒక పాత ఓమ్నీ వ్యానుకు యజమాని. ఎదుటి పక్షం అతని భార్య, బావమరిది, ఎల్లారెడ్డిలోని అత్తగారిల్లు యావత్తు. విషయం: మహాశివరాత్రికి ఏడుపాయల జాతరకు కాలినడకన పోవుచూ, పిల్లలను కంటికి కనబడేచోట నడిపించి, కనబడని దారి అంతా అర్జీదారు నెత్తిన వేయుట గురించి.

ఈ ప్రాంతం వారు కాని వారికి రెండు మాటలు. మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలుతుంది. అక్కడ రాళ్ల నడుమ వనదుర్గమ్మ కొలువు. శివరాత్రికి మూడు రోజుల జాతర. మొదటి రోజు ఉపవాసం, జాగారం. రెండో రోజు బండ్లు తిరగడం. మూడో రోజు రథం. స్నానాలకు సింగూరు నుంచి నీళ్లు వదులుతారు. ఎక్కడెక్కడి నుంచో జనం నడిచి వస్తారు. మా ఎల్లారెడ్డి వాళ్లకైతే అది తమ పెరటి దేవతే.

మా తాతల కాలంలో ఈ ప్రయాణం ఎడ్లబండి మీద జరిగేది. పిల్లలు బండిలో గిన్నెల మధ్య, గడ్డి మీద కూర్చునేవాళ్లు. విసుగొస్తే దిగి బండి వెనక ఉరికేవాళ్లు, అలసిపోతే మళ్లీ ఎక్కేవాళ్లు. ఎద్దు నడక, మనిషి నడక ఇంచుమించు ఒక్కటే కాబట్టి ఎవరూ ఎవరి కోసం ఆగే పని లేదు. పిల్లవాడు ఎంత నడిచాడు, ఎంత బండెక్కాడు అని లెక్క రాసినవాడూ లేడు. ఇప్పుడు ఎద్దు పోయింది. దాని స్థానంలోకి నేను వచ్చాను. ఎద్దుకు క్లచ్ లేదు, నాకుంది. మనుషుల వెనక మనిషి నడకతో వ్యాను నడపాలంటే పొద్దస్తమానం ఫస్ట్ గేరే, ఎడమ కాలు క్లచ్ మీదే. నడిచినవాళ్ల అరికాళ్లకు బొబ్బలు లేస్తే కొబ్బరినూనె రాసి, ఒత్తి, పాటలు కూడా పాడారు. నా ఎడమ పిక్క పట్టేసిన సంగతి ఆ మందలో ఒక్కరికీ పట్టలేదు. క్లచ్ ప్లేటు సంగతి మెకానిక్‌కు తెలుసు, నాకు తెలుసు.

అసలు కథ మొక్కుతో మొదలైంది. మా వాడికి జ్వరమొచ్చి తగ్గకపోతే మా ఆవిడ దండం పెట్టింది: "తల్లీ, పిలగాండ్లతోని నడిచొస్త." జ్వరం తగ్గింది. అక్కడిదాకా నాకు అభ్యంతరమేమీ లేదు. చిక్కంతా అమలులో వచ్చింది. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి గోపాల్‌పేట, పోచారం మీదుగా మెదక్ ఇంకో 30 పైచిలుకు. ఏడుపాయల దానికి అవతల. నాలుగో తరగతి పిల్లవాడు, ఒకటో తరగతి పిల్ల ఇంత దూరం నడవలేరని నేను ముందే చెప్పాను. నా మాట ఎవరూ కాదనలేదు. కాదనకపోవడంలోనే నాకు అనుమానం రావలసింది.

తీర్పు ఎల్లారెడ్డి నుంచి ఫోన్లో వచ్చింది. మా అత్తగారు చెప్పారు: "ఊరి పొలిమేర దాటేటప్పుడు, ఊళ్లకు వచ్చేటప్పుడు పిలగాండ్లు కాళ్ల మీద ఉండాలె. నడిమిట్ల ఎట్లొస్తే ఏంది? అల్లుడు బండి తెస్తడు గద."

వినడానికి ధర్మంగానే ఉంది. తీరా ఆ నడిచే ముక్కల జాబితా చూస్తే ఏముంది? మొదటి ముక్క మా గల్లీ నుంచి బస్టాండు దాకా, ఎందుకంటే గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుంది. రెండోది లింగంపేటలో, మా ఆవిడ చిన్నమ్మ ఇల్లు మెయిన్ రోడ్డు మీదే ఉంది కాబట్టి. మూడోది ఎల్లారెడ్డి. అది మొత్తం, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్క అడుగు తగ్గకుండా. చివరిది నాగ్సాన్‌పల్లి నుంచి గుడి దాకా. ఈ నాలుగింటినీ నీడ చూసి ఎంచలేదు, దూరం చూసి ఎంచలేదు. చూసేవాళ్లు ఎక్కడున్నారో అదొక్కటే చూశారు.

ఈ విద్య మావాళ్లే కనిపెట్టారని నేననను. 2022 నవంబరులో రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర మన జిల్లాలోని మద్నూర్ మండలం మేనూర్ మీదుగానే మహారాష్ట్రలోకి దాటింది. కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా సాగిన ఆ నడకలో ఎన్ని ఫొటోల్లో నాయకుడి చెయ్యి పట్టుకున్న పిల్లలున్నారో చూసే ఉంటారు. ఏ పార్టీ పాదయాత్ర అయినా అంతే. పిల్లవాడు నాలుగడుగులు వేస్తాడు, ఫొటో పడుతుంది, తల్లి వచ్చి తీసుకుపోతుంది. మిగతా రోడ్డు నాయకుడిది. మా ఇంట్లో మిగతా రోడ్డు నాది, అంతే తేడా.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. చీకట్లో, చల్లగా, పిల్లలు మహా ఉత్సాహంగా నడిచారు. తాడ్వాయి రాకముందే కొత్త బూటు కరిచిందని పిల్ల వ్యానెక్కింది. చెల్లె ఎక్కిందని పిల్లవాడూ ఎక్కాడు. అప్పటికే వ్యాన్లో బియ్యం, గిన్నెలు, చుడువ డబ్బా, నీళ్ల క్యాన్లు, చాపలు, పైగా వెనక సీటు మడిచిన చోట మొక్కు మేకపోతు. దారి పొడుగునా "ఇంకెంత దూరం" అని అడగని ప్రాణి ఆ బండిలో అదొక్కటే. నిజానికి అడగవలసిన ప్రాణి కూడా అదే.

మా వాడికి కిలోమీటరు రాళ్లు చదివే పని అప్పగించాను. కిటికీలోంచి తల బయటపెట్టి "ఎల్లారెడ్డి 18" అన్నాడు. నాకు సంతోషమైంది. మేనత్త చెయ్యి పట్టుకుని దిగి కాసేపు నడిచాడు. తర్వాతి రాయి ముళ్లపొదలో మునిగిపోయి కనబడలేదు. దాని తర్వాతి రాయి మీద అంకె చెరిగిపోయింది. "డాడీ, నడిచినా నడవకున్నా 18 ఏ ఉన్నది" అని తేల్చి మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. ఆ రాయి మీద అంకె కనబడి ఉంటే మా వాడు ఇంకొంత నడిచేవాడని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. పిల్లలకు దూరం చెప్పి లాభం లేదు, తర్వాత ఏమొస్తుందో చెప్పాలి.

లింగంపేటలో ఆ సంగతి రుజువైంది. చిన్నమ్మగారింటి ముందు నడవాల్సిన ముక్క నడిచి, ఇక ఒక్క అడుగు కూడా వేయలేమని ఇద్దరూ అరుగు మీద వాలిపోయారు. ఇక్కడ నాగన్న బావి అని పాత మెట్ల బావి ఉంది, ఈమధ్యే బాగుచేశారు అని ఎవరో అన్నారు. అంతే. ఒక్క అడుగు వేయలేని ఆ ఇద్దరూ రాతి మెట్ల మీద అంతస్తు తర్వాత అంతస్తు కిందికి ఉరికారు, మంటపాల్లో దాక్కున్నారు, పైకొచ్చారు, మళ్లీ దిగారు. వాళ్ల వెనక దిగి ఎక్కింది నేను. పెద్దవాళ్లంతా కాళ్లకు విశ్రాంతి కావాలి కాబట్టి చెట్టు కింద పడుకున్నారు. ఆ మెట్లు యాత్ర లెక్కలోకి రావట. దారికి పక్కన ఉన్నాయట.

ఎండ సంగతి నవ్వులాట కాదు. శివరాత్రికి శివశివా అని చలి పోతుందంటారు. పదకొండు దాటితే తారు రోడ్డు సెగ పెద్దవాళ్ల మోకాళ్ల దగ్గర ఆగుతుంది, పిల్లల ముఖానికి తగులుతుంది. వాళ్ల ఎత్తే అంత. ఇంకో గొడవ రోడ్డుది. ఎల్లారెడ్డి దగ్గర మనం ఎక్కేది 765డీ జాతీయ రహదారి. లారీలు, వరిగడ్డి ట్రాక్టర్లు, రాత్రి బస్సులు. తెల్లగీతకు అవతల మనిషి నడిచే జాగా కొన్నిచోట్ల అడుగు వెడల్పు కూడా లేదు. ఫుట్‌పాత్ లేనిచోట కుడి పక్కన, ఎదురొచ్చే బండి కళ్లబడేటట్టు నడవాలని నేను మొత్తుకున్నాను. మా బావమరిది వినలేదు. "బావా, మన దేశంల అందరు ఎడమకే పోతరు" అన్నాడు. బండ్లకు పెట్టిన రూలును కాళ్లకు తగిలించాడు. చివరికి పిల్లల వీపులకు రేడియం స్టిక్కర్లు అంటించి, వెనక హజార్డ్ లైట్లు వేసుకుని నా బండిని అడ్డం పెట్టుకుంటూ పోయాను. బండి అవసరమేమిటని అడిగినవాళ్లకు ఇదొక్కటి చాలు.

తిరుమల మెట్ల దారి చూడండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు. 2023 ఆగస్టులో చిరుత ఒక పసిపిల్లను పొట్టనబెట్టుకున్నాక, 15 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటితే ఆ దారిలో నడవనివ్వమని దేవస్థానం కట్టడి పెట్టింది. అక్కడ పులికి భయపడి ఒక వేళ నిర్ణయించారు. మన రోడ్డు మీద లారీకి భయపడి వేళ నిర్ణయించినవాడు లేడు. ఇంత చెప్పినందుకు నన్ను పిరికివాడన్నారు.

ఎల్లారెడ్డిలో రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది ఫోన్ తీసి నా మొహం మీద పెట్టాడు. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని 3,500 కిలోమీటర్లకు పైబడ్డ కాలిబాట ఉందట. 2021లో ఐదేళ్ల పిల్లవాడు అమ్మానాన్నలతో కలిసి దాన్ని మొత్తం నడిచాడట. "చూడు బావా, ఐదేండ్ల పోరడు!" నేను కింది దాకా చదివాను. ఆ తల్లిదండ్రులు గంటకోసారి చాక్లెట్ బిళ్లలు చేతిలో పెడుతూ నడిపించారు. అది అడవి బాట, వరిగడ్డి ట్రాక్టర్లు రావు. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి దొరికింది: అంత దూరం ఒక్కసారే నడవలేనివాళ్లు ఏటా కొంత కొంత నడిచి, ఎన్నేళ్లకో పూర్తిచేసినా వాళ్లనూ పూర్తిచేసినవాళ్లుగానే లెక్కిస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే సభ ముందు ప్రతిపాదన పెట్టాను. పిల్లలు ఈ శివరాత్రికి తాడ్వాయి దాకా, పై ఏడు లింగంపేట దాకా, ఆ పై ఏడు ఎల్లారెడ్డి దాకా నడవాలి. పదో తరగతి పరీక్షలనాటికి గుడి చేరుకుంటారు, అమ్మవారి అవసరమూ అప్పుడే పడుతుంది.

మా అత్తగారు విస్తరి ముందు నుంచి తల ఎత్తలేదు. "అమ్మోరికి ఈఎంఐలు కడ్తరా అల్లుడు?" అన్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

గోపాల్‌పేట దాటాక పిల్లలను కదిలించడానికి "పోచారం కాడ జింకలుంటయ్" అని ఎవరో ఎర వేశారు. ఎవరు వేశారో ఇప్పుడు ఒప్పుకోరు. పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం వేట అడవి, జింకల పెంపకానికి పేరు, అదంతా నిజమే. 1922లో పూర్తయిన ప్రాజెక్టు, 2025 ఆగస్టు వానలకు దాని అలుగు ఎట్లా దూకిందో జిల్లా అంతా ఫోన్లలో చూసింది. కానీ మేం చేరేసరికి పొద్దుగూకింది. జింకలు ఇళ్లకు పోయాయి. నీళ్లు చూసి సంతోషించమంటే పిల్లలు సంతోషించలేదు. వచ్చే ఆదివారం డాడీ తీసుకొస్తాడని మా ఆవిడ నన్నడగకుండానే మాటిచ్చింది. యాత్ర ముగియకముందే నాకు ఇంకో యాత్ర పడింది.

ఇక అసలైన అన్యాయం. మెదక్ దాటాక రోడ్డు పక్కన దాతలు టెంట్లు వేసి, నడిచేవాళ్లకు మజ్జిగ, అరటిపండ్లు, ఒక్కపొద్దు వాళ్లకు ఖర్జూరాలు పంచుతున్నారు. మంచి పని, కాదనను. టెంటు కనబడగానే మా ఇద్దరు పిల్లలు వంద గజాల ముందే బండి ఆపించి దిగారు. కర్ర పట్టుకున్నారు. కుంటుకుంటూ పోయారు. "అయ్యో, పసిపిల్లలు, ఎక్కడి నుంచి నడిచొస్తున్నరమ్మా?" అని ఒక పెద్దమనిషి అడిగితే "కామారెడ్డి నుంచి" అని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు. చెరి రెండు పండ్లు, చెరో గ్లాసు మజ్జిగ. ఒకాయన ఫొటో కూడా తీసుకున్నాడు. నేను బండి పక్కన ఆపి, తెల్లవారుజాము నుంచి చుక్క నీళ్లు పడని గొంతుతో చెయ్యి చాపాను. పంచే కుర్రవాడు నన్ను చూశాడు, బండిని చూశాడు. "అన్నా, మీరు నడిచొస్తున్నరా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, నోట్లో అరటిపండుతోనే మా వాడు సాక్ష్యం చెప్పాడు: "లే అన్నా, మా డాడీ బండిల కూసొని వచ్చిండు."

కాబట్టి వచ్చే శివరాత్రికి ఈ దారిలో టెంట్లు వేసే దాతలందరికీ మనవి. ఫస్ట్ గేర్లో, హజార్డ్ లైట్లు వేసుకుని, కిటికీకి చిన్న తువ్వాల ఆరేసుకుని, వెనక మేకపోతుతో ఒక పాత వ్యాను వస్తే ఆపండి. అందులో స్టీరింగు పట్టుకున్నవాడికి ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి. నడిచావా అని మాత్రం అడగకండి.