వెనుసీటు తెర పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకున్న కుటుంబాలు వారం వారం కార్లలో, ట్రావెలర్లలో వచ్చి, ప్రదక్షిణలు చేసి, తిరుగుదారిలో ఆత్రేయపురంలో బండి ఆపి పూతరేకుల పెట్టెలు కట్టించుకుని వెళ్లడం కోనసీమలో ఇప్పుడు స్థిరపడిన ఆచారం. ఏడు వారాలూ అదే కాలవగట్టును, అవే కొబ్బరిచెట్లను చూడవలసిన పిల్లలు రెండో వారానికే విసుగెత్తిపోతారు కనుక, వెనుక కూర్చున్నవారికి సినిమా చూపే తెరను బండిలో పెట్టించాలన్న సంకల్పం పెద్దలకు కలుగుతుంది. ఆ పని జరిగే విధానాన్నీ, అందులో పొంచి ఉన్న అపాయాన్నీ నాలుగు పాదాల్లో ఇమిడ్చినది ఈ తేటగీతి. పద్యం ఈ టీక కోసమే కట్టినది కనుక కవిహృదయం టీకాకారునికి ముందే తెలుసు. అయినా తెలియనట్టు వాదించడం వ్యాఖ్యాతల సంప్రదాయం.

తే. కారు వెనుసీటఁ గూర్చున్న కనుల యెదుటఁ
దెరను బిగియించి పసుపెఱ్ఱ తీగఁ గలిపి
నలుపు నినుమున కిచ్చియు నడుమ ఫ్యూజు
నిడక వెలిగింపఁ దెర గాదు నిప్పు వెలుగు.

ప్రతిపదార్థం: కారు వెనుసీటన్ = మోటారు బండి వెనుక ఆసనమందు; కూర్చున్న కనుల యెదుటన్ = కూర్చున్నవారి కన్నుల ముందు; తెరను = బొమ్మలాడు పలకను; బిగియించి = కదలకుండ మరలతో పట్టించి; పసుపెఱ్ఱ తీగన్ = పసుపు, ఎరుపు తీగలను; కలిపి = వాని వాని స్థానములందు సంధించి; నలుపున్ = నల్లతీగను; ఇనుమునకున్ = బండి లోహశరీరమునకు; ఇచ్చియున్ = అప్పగించియు; నడుమన్ = మధ్యయందు; ఫ్యూజున్ = అధిక విద్యుత్తు పారినప్పుడు తాను కరిగి తీగను కాచు రేకును; ఇడక = ఉంచక; వెలిగింపన్ = మీట నొక్కగా; తెర కాదు = వెలుగునది తెర కాదు; నిప్పు వెలుగు = అగ్నియే వెలుగును.

వ్యాఖ్య: కన్నులు కూర్చుండవు, మనుషులు కూర్చుంటారు, కాబట్టి ‘కూర్చున్న కనులు’ అన్నచోట ముఖ్యార్థానికి బాధ కలిగి, లక్షణచేత కన్నులు గలవారని గ్రహించాలి. ఇలా వంకరగా చెప్పడం కవి చేతకానితనమని అనుకోకూడదు. ‘వెనుసీట’ అన్నది వ్యావర్తక పదం, అంటే ఒకరిని చేర్చడం కోసం కాక మరొకరిని తప్పించడం కోసం వేసిన మాట, ఇక్కడ తప్పించినది డ్రైవరును. బండిలో తెర చూడకూడని కన్నులు రెండే ఉన్నాయి, అవి స్టీరింగు వెనుక ఉన్నాయి. కోస్తా నుంచి హైదరాబాదుకు రాత్రంతా నడిచిన వెనుకటి ‘వీడియో కోచ్’ బస్సుల్లో టీవీ పెట్టె డ్రైవరు వీపు వైపు ఉండి ప్రయాణికులకు ఎదురుగా తిరిగి ఉండేది. ఆ డ్రైవర్లు చూసిన సినిమాల కంటే విన్నవే ఎక్కువ. ఆ అమరికలో ఉన్న వివేకం, తెరను డ్యాష్‌బోర్డు మీద డ్రైవరు ముందే పెట్టించి సినిమా పాటలు ఆడించుకుంటూ నడిపే నేటి బండ్లలో కనపడదు.

‘బిగియించి’ అన్న మాటకు మూడు స్థానాలు చెప్పుకోవచ్చు. ముందు సీటు తలదిండు వెనుక పెట్టేది మొదటిది, పైకప్పు నుంచి కిందికి మడత విప్పుకునేది రెండవది, తలదిండు కడ్డీలకు పట్టీలతో వేలాడదీసేది మూడవది. మూడవది చౌక, కాని సడన్ బ్రేకు పడినప్పుడు పట్టీ ఊడిందా, తెర కాస్తా విసిరిన రాయి అవుతుంది. అందుకే కవి ‘వ్రేలగట్టి’ అనక ‘బిగియించి’ అన్నాడు. పైకప్పు తెర అందరికీ సమానంగా కనబడుతుంది, కాని తెరిచి ఉన్నంతసేపూ డ్రైవరుకు లోపలి అద్దంలో వెనుక దారికి బదులు తెర వీపు కనబడుతుంది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ సిల్వెట్ ప్రీమియర్ అనే 1999 మోడల్ కుటుంబ బండిలో కంపెనీవారే ఈ పైకప్పు పద్ధతిని వీడియో క్యాసెట్ ప్లేయరుతో సహా అమర్చి ఇచ్చారు. ఇక తలదిండు తెరకు తీగ సీటు లోపలి నుంచే రావాలి. సీటు పక్క కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగ్ అని చిన్న గుడ్డముక్క కనబడితే, ప్రమాద సమయంలో ఆ కుట్టును చీల్చుకుని ఒక సంచి ఉబ్బి బయటికి రావాలని అర్థం కాబట్టి, అటువైపుగా తీగ లాగడం గాని, బిగుతైన సీటు కవరు తొడగడం గాని తగదు. సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది కనుక కింద మూరెడు తీగ వదులుగా విడవాలి.

‘పసుపెఱ్ఱ తీగ’ అన్నది ఈ పద్యానికి ప్రాణం. రెండు తీగలుండగా ఏకవచనం ఎందుకంటే జాత్యేకవచనమని సమాధానం. దీని మీద బలమైన పూర్వపక్షం ఒకటి ఉంది. ‘కలిపి’ అన్నాడు కనుక పసుపునూ ఎరుపునూ ఒకదానికొకటి మెలిపెట్టి ఒకేచోట తగిలించాలని కొందరు పనివారు అన్వయిస్తారు, అన్వయించడమే కాక చేసి చూపిస్తారు. బండి సామాన్ల తీగల్లో సాధారణంగా పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ ప్రవహించే డైరెక్ట్ కరెంటు, తాళం తీసినా అది ఆగదు, గడియారాన్నీ జ్ఞాపకం పెట్టుకున్న అమరికలనూ కాపాడడం దాని పని. ఎరుపుది తాళం తిప్పితేనే వచ్చే కరెంటు, తెర వెలగాలో ఆరాలో దానికి చెప్పే ఆజ్ఞ ఇదే. రెండింటినీ మెలిపెట్టి డైరెక్టుకు తగిలిస్తే తాళం జేబులో ఉన్నా బండి లోపల తెర మేలుకొనే ఉంటుంది. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ గంటలదనుకుంటే, ఒక్క ఆంపియరు తాగే తెర శనివారం రాత్రి దర్శనం చేసుకుని వచ్చి ఇంటి ముందు ఆపిన బండిని సోమవారం తెల్లవారేసరికి ఇంచుమించు ఖాళీ చేస్తుంది. ఆపైన ఇరుగుపొరుగు నలుగురూ వచ్చి బండిని తోయాలి. కాబట్టి ‘కలిపి’ అంటే వేటి స్థానంలో వాటిని కలిపి అనే సిద్ధాంతం.

ఈ రంగులకు శ్లేష కూడా ఉంది. ప్లేయరు నుంచి తెరకు బొమ్మనూ ధ్వనినీ తెచ్చే మూడు పిన్నుల తీగలో పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ చెవి ధ్వనికి, ఎరుపు కుడి చెవి ధ్వనికి. అక్కడ పసుపు కరెంటు కాదు. అలాగే కార్లలో వాడే బల్లపరుపు ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లది, నీలం 15ది, పసుపు 20ది. ఒకే పసుపు ఒకచోట బ్యాటరీ, ఒకచోట బొమ్మ, మరొకచోట 20 అంటే, ప్రకరణాన్ని బట్టి అర్థం నిర్ణయించాలని ఆలంకారికులు చెప్పిన మాట కార్ డెకార్ షాపులోనూ చెల్లుతుందన్నమాట. అయితే రంగుల ఆచారాన్ని అన్ని కంపెనీలూ పాటించవు. అందుచేత రంగును నమ్మక టెస్టర్ పెట్టి చూసుకున్నవాడే నిజమైన పండితుడు. కంపెనీ తీగను కోయకుండా కప్లర్‌తో, అనగా కోతకు బదులు జతపరిచే ముక్కుతో కలిపితే వారంటీ తగాదా వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

నల్లతీగను ఎర్త్ అంటారు. బ్యాటరీ రుణధ్రువాన్ని బండి లోహశరీరానికే కట్టి ఉంచుతారు కనుక, తిరుగు కరెంటుకు వేరే తీగ అక్కరలేక ఇనుమే దారి అవుతుంది. ఆ ఇనుము మీది రంగు గీరి లోహం తేలేదాకా తీసి బోల్టు బిగించకపోతే బొమ్మ వణుకుతుంది, ఇంజను వేగంతో పాటు పెరిగే కీచు ధ్వని స్పీకర్లలో వినబడుతుంది. ‘ఇచ్చియు’ లోని యుకారం పాదపూరణమని ఒప్పుకోవడమే మర్యాద. ఎర్త్ సరిగా ఇచ్చినవాడు సైతం ఫ్యూజు మరిచిపోతాడని సూచించడానికే వేశాడని వాదించవచ్చు, వాదన బాగుంటుంది కూడా, కాని గణం కోసమే వేశాడు.

‘నడుమ ఫ్యూజు’ అన్నచోట అసలు చిక్కు ఉంది. నడుమ అంటే సరిగ్గా మధ్య అని తీసుకుని, బ్యాటరీకీ తెరకూ సగం దూరంలో, సీటు కింద, చేతికి అందేచోట ఫ్యూజు పెట్టేవారు ఉన్నారు. ఇది అపార్థం. ఫ్యూజు తెరను కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి; అదీ తన తరవాత ఉన్న తీగను మాత్రమే. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న భాగం, తలుపు గడప కింద ఇనుము అంచుకు రాసుకుని పైపొర చిరిగితే, బ్యాటరీలో ఉన్న కరెంటంతా, వందల ఆంపియర్లు, ఆ సన్నని తీగలోనే పరుగెత్తుతుంది, కిందనున్న తివాచీ అంటుకుంటుంది. కనుక ఇక్కడ నడుమ అంటే బ్యాటరీ విడిచిన వెంటనే, జానెడు దూరంలో, అని అర్థం. ఇప్పటికే ఉన్న ఫ్యూజు పెట్టెలోంచి కొత్త దారి తీసుకుంటే ఈ చిక్కు చాలామటుకు తీరుతుంది.

దృష్టాంతం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఆత్రేయపురంలో కుండను బోర్లించి, కింద ఎండాకుల మంట పెట్టి, పల్చని బియ్యపు పిండిలో గుడ్డను ముంచి కుండ వీపు మీద ఒక్కసారి పరిచి తీస్తారు. తీసేసరికే వెనుక చూపు దూరే పొర లేచి ఉంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకు పొర అదే, దాని ఘనత అంతా పల్చదనంలోనే ఉంది, మందమైతే అది పూతరేకు కాదు, అప్పడం. ఫ్యూజు లోపలి రేకు కూడా అంతే. అది మాటిమాటికీ ఎగిరిపోతోందని చిరాకుపడి 10కి బదులు 20ది గుచ్చడం, అంతకు తెగించి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టడం, పల్చనిదాన్ని మందం చేయడమే. అప్పుడు ముందు కరిగేది తీగ. ఎగిరిపోయిన ఫ్యూజు చెప్పేది ఎక్కడో తప్పు ఉందని. ఆ తప్పు వెతకమని.

‘తెర గాదు నిప్పు’ అన్నది పైకి అపహ్నుతి అలంకారంలా కనబడుతుంది. ఉన్న వస్తువును కాదని మరొకదాన్ని ఆరోపించడం అపహ్నుతి. కాని ఇక్కడ నిప్పు ఆరోపితం కాదు, నిజంగానే వస్తుంది, కనుక ఇది స్వభావోక్తి.

రసం మాట. కవి ఉద్దేశించినది హాస్యమో శృంగారమో వీరమో, ఏ సినిమా పెడితే ఆ రసం. అయితే బొబ్బర్లంక నుంచి రావులపాలెం వైపు కాలవ వెంట మలుపులు తిరిగే దారిలో చూస్తున్న బొమ్మ కదలదని కన్ను చెబుతుంటే, శరీరం తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలు కుదరనప్పుడు కడుపులో తిప్పుతుంది. నేతితో చేసిన పూతరేకులు నాలుగు తిని తలదిండు తెర మీదికి వంగిన బాలుడి విషయంలో ఏ రసంతో మొదలైనా బీభత్సంతో ముగుస్తుంది. తెర కొంచెం ఎత్తులో ఉంటే అప్పుడప్పుడు చూపు కిటికీ మీదికి పోయి ఉపద్రవం తగ్గుతుంది. పగటి వెలుగులో తెర కనబడదని అద్దాలకు నల్ల ఫిల్ము అంటించడం కుదరదు, సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న దాన్ని నిషేధించింది. కాబట్టి పట్టపగలు కాలవగట్టు మీద తెర మీద కనబడేది చాలావరకు కొబ్బరి నీడలే.

ఇక ప్రతి చేతిలోనూ ఫోను ఉండగా ఈ తెర ఎందుకన్న ప్రశ్నకు, ఒకే తెర ఉంటే ఒకే సినిమా మీద అందరూ తగువులాడుకునే అవకాశం ఉంటుందన్నదే సమాధానం, ఆ భాగ్యం ఫోన్లలో లేదు.

తాత్పర్యం: బండి వెనుక కూర్చున్నవారికి మాత్రమే కనబడేటట్టు తెరను కదలకుండా బిగించి, పసుపు తీగను నిత్య కరెంటుకు, ఎర్ర తీగను తాళపు కరెంటుకు, నల్లతీగను రంగు గీరిన ఇనుముకు చేర్చి, ఇంత శ్రమా పడి ఫ్యూజు మాత్రం పెట్టకుండా మీట నొక్కినవాడికి వెలిగేది తెర కాదు, బండి. కాబట్టి తెర పెట్టించేవారు బొమ్మ ఎంత బాగా వస్తోందో చూసి డబ్బులిచ్చి వచ్చేయకుండా, పనివాడు వెళ్లేలోగా బానెట్ ఎత్తించి, బ్యాటరీ పక్కన ఫ్యూజు ఎక్కడుందో, ఎన్ని ఆంపియర్లదో చూపించమని అడగాలి.