సీసాలో దూరిన బస్తా

అక్షయపాత్ర అంచుకు అంటుకున్న ఆకుకూర ముక్కను కృష్ణుడు నోట్లో వేసుకుంటే, నదికి స్నానానికెళ్లిన దుర్వాసుడికీ శిష్యులకీ కడుపులు నిండి త్రేన్పులొచ్చాయి. ఆ అద్భుతానికి సాక్షాత్తూ భగవంతుడే దిగిరావాల్సి వచ్చింది. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో వారికి అంత శ్రమ లేకపోయింది. 500 మిల్లీలీటర్ల నానో యూరియా సీసా ఉంటే చాలు, 45 కిలోల బస్తా పని చేసిపెడుతుందన్నారు. అప్పటి ధర 240 రూపాయలు. మరుసటి ఏడాది గుజరాత్‌లోని కలోల్‌లో ప్రధానమంత్రి చేతుల మీదుగా ఫ్యాక్టరీ కూడా తెరుచుకుంది.

ఇక ఐదో తరగతి లెక్క. బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. "మట్టిలో చల్లిన యూరియాలో మూడో వంతే పైరుకు అందుతుంది, మాది 80 శాతం పైనే" అంటారు. సరే, బస్తాకు మూడో వంతే వేద్దాం: 6 కిలోల 900 గ్రాములు. సీసాకు నూటికి నూరూ వేసేద్దాం: అవే 20 గ్రాములు. మిగతా 6 కిలోల 880 గ్రాములు ఎవరి పద్దులో రాయమంటారు?

క్వింటా వడ్లు పండాలంటే పైరు ఒకటిన్నర నుంచి రెండు కిలోల నత్రజని తీసుకోవాలి. ఆ లెక్కన సీసాలో ఉన్నదంతా చుక్క వృథా కాకుండా పైరులోకి చేరినా కిలో, మహా అయితే కిలోన్నర లోపు వడ్లు. మర ఆడిస్తే చిన్న కుటుంబానికి ఒక పూట అన్నం. దుర్వాసుడు ఈసారి శిష్యుల్ని ఇంటి దగ్గరే వదిలి రావాలి.

లెక్క అడిగితే మంత్రం వినిపిస్తారు: నానో. రేణువు 20 నుంచి 50 నానోమీటర్లు, అంత సూక్ష్మం కాబట్టి ఆకులోకి చొచ్చుకుపోతుందట. ఆకు ఏమంటుందో ఎవరూ అడగలేదు. ఆకు మీద మైనపు పూత ఉంది. పత్రరంధ్రంలోంచి దూరినా, లోపల ఒక్కో కణం చుట్టూ సెల్యులోజ్ గోడ. ఆ గోడ సందులు సాధారణంగా 5 నుంచి 20 నానోమీటర్లు. 50 నానోమీటర్ల అతిథి గుమ్మం బయటే నిలబడాలి.

అసలు తమాషా ఇంకోటి. యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కరిగిందంటే విడివిడి అణువులైనట్టే, ఒక్కో అణువు నానోమీటరు కంటే చిన్నది. అంటే రైతు బకెట్లో కలిపిన మామూలు యూరియా ఈ నానో రేణువు కన్నా సూక్ష్మం! కణత్వచంలో ఆ అణువును పట్టి లోపలికి లాక్కునే ప్రోటీన్లున్నాయి, లోపల దాన్ని అమ్మోనియాగా విడగొట్టే యూరియేజ్ ఉంది. ఇన్ని ఏర్పాట్లున్న సరుకును ఉండ చుట్టి, పెద్దది చేసి, సూక్ష్మమని అమ్మాలంటే మామూలు గుండె చాలదు. వానలకు దెబ్బతిన్న పత్తికి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కొట్టమని మన శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. అందులో నత్రజని 9 గ్రాములు దాటుతుంది. సీసా మందు లీటరుకు 4 మిల్లీలీటర్లు కలిపితే వచ్చేది 0.16 గ్రాములు.

నానో శాస్త్రాన్ని వెక్కిరించడం లేదు, అది పనిచేసే చోట పనిచేస్తుంది. జంతుకణానికి గోడ లేదు. పొరను మడిచి రేణువును మింగేస్తుంది. రక్తంలోకి ఎక్కించిన కొవ్వు రేణువుకు అపోలిపోప్రోటీన్ ఇ అంటుకుంటుంది, కాలేయ కణాలు దాన్ని తమ సరుకే అనుకుని లోపలికి తీసుకుంటాయి. 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ మందు ఆ దారినే పనిచేస్తుంది. అక్కడ మందు పనిచేస్తుందని పరీక్షల్లో చూపిస్తే గానీ అనుమతి రాదు. ఇక్కడ లేబుల్ చూపించి నమ్మమంటున్నారు.

కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు హుస్టెడ్, ఫ్రాంక్ 2023లో 'ప్లాంట్ అండ్ సాయిల్' పత్రికలో ఈ ప్రచారాన్ని ఉతికి ఆరేశారు. పోనీ వాళ్లకు మన మడి తెలియదనుకుందాం. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలోనే చూసింది: వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయి. ఐసీఏఆర్ పొలాల్లో బాగానే పండిందని ఇఫ్కో జవాబు. మొక్కలోని జీవక్రియల్ని తట్టి లేపుతుందని కూడా అంటారు. లేపితే లేపింది, లేచిన మొక్కకు తిండెవరు పెడతారు?

ఆనక 'నానో యూరియా ప్లస్' వచ్చింది, నత్రజని 20 శాతం. అంటే సీసాకు 100 గ్రాములు. అదే సీసాను మామూలు యూరియా గుళికలతో మూతిదాకా కూరితే అంతకంటే ఎక్కువే పడుతుంది.

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు చెప్పులూ పాస్‌బుక్కులూ వరుసలో పెట్టి యూరియా బస్తా కోసం పడిగాపులు కాశారు. సీసా కోసం ఎక్కడా ఒక్క చెప్పు కూడా వరుసలో లేదు. బస్తా కావాలంటే సీసా కొనాల్సిందేనని లింకు పెడుతున్నారన్న ఫిర్యాదులు మాత్రం ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తాయి. నిజంగా బస్తాతో సమానమే అయితే ఒక్క సీజన్ లింకు తీసేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి అమ్మండి. ఏ వైపు చెప్పులు నిలబడతాయో చూద్దాం.