రూపాయి నల్లా

నల్లా కనెక్షన్ ఒక్క రూపాయి. తెల్లకార్డు ఉన్న పట్టణ పేదలకు సర్కారు వారు పెట్టిన ధర ఇది. కార్డు లేనోళ్ళకు వంద. చాయ్ పది రూపాయలైన రోజుల్లో ఇంత చవక సరుకు అంగడంతా వెతికినా దొరకదు. మరి ఇంకా బిందెలు పట్టుకుని ట్యాంకర్ వెంట ఉరికేవాళ్ళకు ఏం రోగం? రూపాయికి కూడా గతి లేదా?

ఉంది. పేచీ రూపాయి దగ్గర కాదు. రూపాయి కట్టాలంటే ఇంటి నంబరు కావాలి. నంబరు కావాలంటే పన్ను రసీదు, రసీదు కావాలంటే జాగా కాయితం. గుడిసె చెరువు శిఖంలోనో మోరీ పక్కనో ఉంటే కాయితం ఏ దేవుడిస్తాడు? ఇక తెల్లకార్డు. కొత్త రేషన్ కార్డు కోసం తెలంగాణలో జనం ఎన్నేళ్ళు ఎదురుచూశారంటే, కార్డులో పేరెక్కాల్సిన పిల్లలు బడికి పోయే ఈడుకొచ్చారు. కిరాయికుండే వాళ్ళ సంగతి ఇంకా సులువు. ఓనరు దయ ఉంటే నల్లా, లేకుంటే పక్కింటి గేటు ముందు బిందె.

సరే, అన్నీ కుదిరి రూపాయి కట్టారనుకోండి. మెయిన్ లైన్ నుంచి గడప దాకా గుంత ఎవరు తవ్వాలి, పైపు ఎవరు కొనాలి అంటే ఒక సారు మీరే అంటాడు, ఇంకో సారు కాంట్రాక్టర్ అంటాడు, కాంట్రాక్టర్ ఫోనెత్తడు. పగలగొట్టిన సీసీ రోడ్డు సంగతి ఎవరూ అనరు. నీళ్ళొచ్చే గంటలో పక్కింటాయన మోటరు పెట్టి గుంజుతాడు గనుక మీకూ ఒక మోటరు తప్పదు. సంపు కట్టే తాహతు లేకుంటే డ్రమ్ములు. పెళ్ళి ఖర్చులో లగ్నపత్రిక ఎంతో, నల్లా ఖర్చులో ఆ రూపాయి అంత. డబ్బును మంచినీళ్ళలా ఖర్చుపెట్టాడన్న మాట కట్టినవాడెవడో గానీ, నల్గొండలో పుట్టినవాడు మాత్రం అయ్యుండడు.

గుంతలు తవ్వేదెవరంటే పాలమూరు మనిషి గుర్తుకు రావాలి. దేశంలో ఏ డ్యామ్ లేచినా తట్టా పారా పట్టుకుని పోయిన పాలమూరు లేబర్ వాళ్ళు. పట్నం శివారులో గుడిసె వేసుకుని ఊరందరి పైపులకూ కాలువలు తీసినవాడి గుడిసెకు నంబరుండదు. నంబరు లేని ఇంటికి నల్లా ఉండదు. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం, కనెక్షన్ ఉంటే, దానికి ఆధార్ కలిపితే. ఉన్నవాడికి ఊరికే, లేనివాడికి క్యాను కొనుక్కుంటే. మన జలనీతి ఇంతే, శ్వేతపత్రాలెందుకు.

నీళ్ళడగడానికి అసలు ధర ఎంతో మా జిల్లాకు 1996లోనే తెలిసింది. ఆ లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకరపోతున్నాయి, మాకు కృష్ణ నీళ్ళివ్వండి అని దేశానికి చెప్పడానికి జలసాధన సమితి జనంతో గంపగుత్తగా నామినేషన్లు వేయించింది. ఎన్నిక వాయిదా వేసి, పుస్తకమంత బ్యాలెట్ అచ్చువేశారు. ఢిల్లీ చెవికి ఆ కేక బాగానే సోకింది. ఆ ఏడాదే చట్టం మార్చారు. నీళ్ళ చట్టం కాదు, ఎన్నికల డిపాజిట్ చట్టం. 500 ఉన్నదాన్ని 10,000 చేశారు. ఇప్పుడది 25,000. రేట్ల పట్టిక గోడకు అంటించుకోవచ్చు: నల్లా రూపాయి, అందులో నీళ్ళేవని ఆ తీరున అడగాలంటే పాతికవేలు.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా ఇస్తామన్న మిషన్ భగీరథ పైలాన్ లేచింది. నీళ్ళకంటే ముందు రాయి రావడం మన ఆచారం. తర్వాత నీళ్ళూ వచ్చాయి, అబద్ధమెందుకు. ఫ్లోరైడ్ కాటు తిన్న మర్రిగూడ వైపు పిల్లల పళ్ళు తెల్లబడితే ఆ పుణ్యం ఆ పైపులదే. కానీ 2015లో రాష్ట్రంలో 967 ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాలు 2020 ఆగస్టుకు సున్నా అయ్యాయని పార్లమెంటులో జవాబిచ్చారే, ఆ సున్నా ఆవాసాలది, మనుషులది కాదు. ముడుచుకుపోయిన కాళ్ళు ఆ జవాబు విని చాపుకోలేదు. నూటికి నూరు కనెక్షన్లన్న లెక్క కూడా దాని తమ్ముడే. తిప్పితే గాలి వచ్చినా నల్లా నల్లాయే.

పురాణంలో భగీరథుడి కథ చెప్పేవాళ్ళు జహ్ను మహర్షిని తొందరగా దాటేస్తారు. దారిలో తన ఆశ్రమం ముంచిందని గంగనంతా తాగేశాడాయన. మన జహ్నువు హైదరాబాద్. నల్గొండ జిల్లా అక్కంపల్లి రిజర్వాయర్ నీళ్ళు కోదండాపూర్‌లో శుద్ధి అయి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎగువకెక్కి నగరానికి పోతాయి. 2004, 2008, 2015లో మూడు దశలు, దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. మొదటి దశ నీళ్ళు పట్నం గొంతు దిగేనాటికి చౌటుప్పల్ పైలాన్ ఇంకా పదకొండేళ్ళ దూరంలో ఉంది. పట్నం దప్పికకు ఎత్తు అడ్డురాలేదు, దూరం అడ్డురాలేదు, ఇంటి పన్ను రసీదు అసలే అడ్డురాలేదు.

బతిమాలితే జహ్నువు తాగిన గంగను చెవిలోంచి వదిలాడు. హైదరాబాద్ వదిలే దారి వేరు. దాని పేరు మూసీ.

మా పట్టణాల్లో పేదింటికి మురుగు కనెక్షన్ ఏదని అడిగేవాళ్ళు ఈ ముక్క వినాలి. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, రూపాయి కట్టలేదు, కార్డు చూపలేదు. అయినా నగరం మురుగు వలిగొండ మీదుగా పాత నల్గొండ జిల్లా వరి మళ్ళలోకి పారుతోంది. ప్రెషర్ తగ్గదు, వాటర్‌మన్ వాల్వు తిప్పక్కర్లేదు, ఎండాకాలం ఆగదు. మాకు నిజంగా నూటికి నూరుపాళ్ళు అందిన కనెక్షన్ అదొక్కటే.

మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, పట్నం నీళ్ళు తోడుకునే నాగార్జునసాగర్‌కు దిగువన. ఎగువన కలిసి ఉంటే పట్నం దాన్ని ఎప్పుడో శుద్ధి చేసి ఉండేది.