వయసు అడగని చదువమ్మా!

సముద్రం అవతలి ఏడాది బిజినెస్ మాస్టర్స్ చదువమ్మా, నిన్ను పొగడడానికే కూర్చున్నాను. ఇందులో ఒక్క మాట కూడా కల్పన లేదు.

ముందు నీ పెద్ద మనసు చెప్పుకోవాలి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు లెక్కలు రాసి రాసి నలభై దాటిన గుమాస్తాను గానీ, ఎమ్మిగనూరులో చేనేత బట్టల వ్యాపారం దెబ్బతిన్న బీకాం ఆయనను గానీ వయసెంతని నువ్వు అడగవు. మన రాష్ట్రం 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెన ముప్పై ఐదేళ్లు దాటినవాళ్లను గడప బయటే నిలబెట్టింది. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకు మామూలుగా తాకట్టు అడుగుతుంది, పొలం కాగితాలు చూపిస్తే చాలాచోట్ల వద్దంటుంది. నీకు ఆ పట్టింపులు లేవు. బ్రిటన్ వీసాకు చూపే డబ్బు ఖాతాలో ఇరవై ఎనిమిది రోజులు తగ్గకుండా ఉంటే చాలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన వాళ్ల గుండె ఆ ఇరవై ఎనిమిది రోజులూ ఎట్లా కొట్టుకుంటుందో వాళ్లకే తెలుసు.

నీ దూతలైన కన్సల్టెన్సీ వాళ్లు ఇంకా మంచివాళ్లు. ఆఫర్ లెటర్ తెప్పిస్తారు, వీసా ఫారం నింపుతారు, చాలామంది రూపాయి కూడా తీసుకోరు. ఆదోని యార్డులో పత్తి దించిన రైతుకు కమీషన్ ఎంత పట్టుకున్నారో లెక్క చీటీ మీద కనబడుతుంది. నీ దూతలకు కమీషన్ ఇచ్చేది విశ్వవిద్యాలయం. అది కట్టేది మనవాడు కట్టిన ఫీజులోంచే. ఆ అంకె మాత్రం ఏ చీటీ మీదా ఉండదు.

పరోపకారంలో నిన్ను మించినవాళ్లు లేరు. ఇంగ్లండులో అక్కడి పిల్లల డిగ్రీ ఫీజు 2017 నుంచి 2025 దాకా ఏడాదికి 9,250 పౌండ్ల దగ్గరే ఆగింది. ఖర్చులు పెరిగి పడ్డ లోటును చాలావరకు పూడ్చింది బయటి దేశాల విద్యార్థుల ఫీజులే. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు నేతగాళ్లకు సహకార సంఘం పెట్టి, ఊరి కష్టం ఊరికే అన్నం పెట్టేట్టు చేశారు. నువ్వు ఆ ఊరి కష్టంతో ఇంకో దేశం విద్యాలయాలను నిలబెడుతున్నావు.

నీ సమదృష్టి గొప్పది. చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగి, పింజ పొడవెంతో చెప్పగలిగిన మనిషి మన జిన్నింగ్ మిల్లు గుమాస్తా. క్వింటాలు పత్తిలో దూది ముప్పై మూడు కిలోలు పడుతుందా, ముప్పై నాలుగా అని గింజ చూసి అంచనా కట్టినవాడు. అతన్ని ఇరవై రెండేళ్ల పిల్లల గ్రూపులో కూర్చోబెట్టి, సప్లయ్ చెయిన్ అంటే ఏమిటో స్లైడ్ల మీద నేర్పుతావు. అక్కడ చాలా ఎంబీఏలు పనిచేసిన అనుభవం అడుగుతాయి. నీకు అనుభవం లేకపోయినా ఫరవాలేదు, ఉన్నా ఫరవాలేదు. రెండింటికీ ఫీజు ఒకటే.

కుటుంబం మీద నీ దయ గురించి చెప్పకపోతే పాపం. వానలు పోయిన ఏడు మా దిక్కు జనం మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. బడి మానిపించైనా సరే పిల్లల్ని వెంట తీసుకుపోతారు, వాళ్ల చదువు చెడిపోతోందని మేం బాధపడుతుంటాం. నువ్వు ఆ బాధ లేకుండా చేశావు. 2024 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ఇట్లాంటి కోర్సులు మొదలుపెట్టినవాళ్లు భార్యనో భర్తనో పిల్లల్నో వెంట తీసుకుపోలేరు. పెళ్లి కాని ఇరవై రెండేళ్ల పిల్లవాడికి ఈ నియమం తగలదు. తగిలేది నలభై ఏళ్లవాడికే. సుగ్గికి పోయిన కూలి చేతిలో డబ్బుతో తిరిగొస్తాడు, పోవడానికి ఎవరికీ ఫీజు కట్టడు.

పొదుపు కూడా నువ్వే నేర్పుతావు. తరగతులు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలే పని. 2025 కనీస కూలి గంటకు 12.21 పౌండ్లు, అంటే నెలకు వెయ్యి చిల్లర. లండన్ బయట బతకడానికి నెలకు 1,136 పౌండ్లు కావాలని అదే ఏడు లెక్క కట్టింది బ్రిటన్ ప్రభుత్వమే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల గడువు కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టుకునేవాళ్లకు పద్దెనిమిది నెలలే.

అన్నా, అక్కా, నలభై దాటాక చదవాలనుకోవడం తప్పు కాదు, అది మీ హక్కు. కానీ పొలం బేరం పెట్టేముందు ఆ కన్సల్టెన్సీ వాళ్లను ఒక కాగితం అడగండి. మీ ఫీజులోంచి తమకు ఎంత వస్తుందో, మీ వయసువాళ్లలో ఆ కోర్సు ముగించినవాళ్లకు ఏ ఉద్యోగం, ఎంత జీతానికి దొరికిందో దాని మీద రాసి సంతకం పెట్టమనండి. రాసివ్వకపోతే పాసుపుస్తకం తీసుకుని ఇంటికి రండి.