హఠాత్తుగా వచ్చిపడే అరవయ్యేళ్లు

తుపాను, కరవు, వరద, పిడుగుపాటు. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ వరసలో ఇంకో విపత్తును చేర్చుకున్నాయి. అది ఉద్యోగి రిటైర్ కావడం. నెలాఖరు సాయంత్రం ఓ హెడ్మాస్టరు గారు శాలువా కప్పించుకుని, మెడలో దండతో ఇంటికెళ్లారో లేదో ఆర్థిక శాఖ గుండె పట్టుకుంటుంది. పాపం, ఎవరూ ఊహించలేదు మరి!

అసలు ప్రభుత్వానికి ఇంత ముందుగా తెలిసే ఖర్చు ఇంకోటి లేదు. కొలువులో చేరగానే సర్వీసు రిజిస్టరు తెరిచి, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిచూసి, వేలిముద్రలు తీసుకుని, ఎడమ చెంప మీది పుట్టుమచ్చతో సహా నమోదు చేసి, పైన ఆఫీసరు సంతకం పెడతాడు. 1991లో చేరిన మాస్టారు ఎప్పటికి ముసలాయన అవుతాడో 1991లోనే లెక్క కట్టొచ్చు. హుద్‌హుద్ తుపాను వస్తోందని మనకు తెలిసింది కొద్ది రోజుల ముందే. అయినా ఆ కాస్త వ్యవధిలోనే జనాన్ని ఖాళీ చేయించగలిగారు. మాస్టారి విషయంలో మాత్రం ముప్పై మూడేళ్ల ముందస్తు హెచ్చరిక కూడా చాల్లేదు.

మరి విరుగుడు? మన వైద్యుల సంచిలో ఉన్నది ఒకే మాత్ర: తేదీని జరపడం. ఈ వైద్యానికి చరిత్ర ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం యువతకు ఉద్యోగాలివ్వాలని పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి దించింది. ఒక్క ఉత్తర్వుతో వేలమంది ఇంటిదారి పట్టారు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ 58. రాష్ట్రం విడిపోగానే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60. 2021 మార్చిలో తెలంగాణలో 61. 2022 జనవరిలో ఆంధ్రలో 62. వయసు ఉద్యోగిదే గానీ దాని మీద పెత్తనం ఖజానాది. ఖజానా కాస్త నిండుగా ఉంటే ఉద్యోగి వృద్ధుడు, ఖాళీ అయితే నవయువకుడు.

పైకి చెప్పే కారణం ఎప్పుడూ అందంగానే ఉంటుంది: అనుభవజ్ఞుల సేవలు వినియోగించుకోవాలి. ఆంధ్రలో ఆ 62 ఏ సందర్భంలో వచ్చిందో గుర్తుందా? 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఉద్యోగులకు 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించిన రోజున. చేదు మందు పోసి, నోట్లో రెండేళ్ల సర్వీసు పెట్టారు.

తెలంగాణలో ఈ మాత్ర ఇంకా ముచ్చటగా పనిచేసింది. 2021 మార్చి నెలాఖరు నుంచి మూడేళ్లపాటు వయసు మీరి దాదాపు ఎవరూ కుర్చీ దిగలేదు. గ్రాట్యుటీ లేదు, కమ్యుటేషన్ లేదు, సెలవుల నగదు లేదు. ఆర్థిక శాఖకు ఇంతకంటే స్వర్గం ఏముంటుంది? 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 మార్చి నెలాఖరున తొలి బ్యాచి దిగింది. ఎంత చక్కగా కుదిరిందో చూడండి: తిన్నది ఒకరి విస్తట్లో, బిల్లు ఇంకొకరి చేతిలో. కొత్తవాళ్లు ఇది పాతవాళ్ల పాపం అంటారు. నిజమే. కానీ పాపం ఎవరిదైనా ప్రాయశ్చిత్తం చేస్తున్నది మాత్రం మాస్టారు.

పోనీ, వాయిదాతో ఖర్చయినా తగ్గిందా? పాత పింఛన్ వర్తించేవాళ్లకు పింఛన్ చివరి మూలవేతనంలో సగం దాకా ఉంటుంది. మూడేళ్లు జరిపితే మూడు ఇంక్రిమెంట్లు కలిసి ఆ వేతనం పెరిగి కూర్చుంటుంది. పది నెలల దాకా ఇచ్చే సంపాదిత సెలవుల నగదూ ఆ పెరిగిన జీతం మీదే. గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితినేమో వయసు పెంచినప్పటి వేతన సవరణ (పీఆర్సీ)లోనే 12 లక్షల నుంచి 16 లక్షలు చేశారు. అప్పు తీర్చలేనివాడు గడువు అడిగి, ఆ గడువులో అప్పును తనే పెంచుకోవడం ఏ పద్దుల పుస్తకంలో సంస్కరణ అవుతుందో నాకు తెలియదు.

అటు హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో పిల్లలు ముదురుతున్నారు. వాళ్లను పిల్లలు అనడం నా చాదస్తం. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో చాలా కొలువుల గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46కి పెంచారు. అప్పటి లెక్కలో చేరడానికి 46, దిగడానికి 61. రెండు కొసలనూ ఇలాగే సవరించుకుంటూ పోతే, చేరిన రోజునే సన్మాన సభ కూడా కానిచ్చేయొచ్చు. ఒక దండ ఖర్చు కలిసొస్తుంది.

మా వీధి చివర అలా దిగిన మాస్టారు ఒకాయన ఉన్నారు. పొద్దున్నే కాఫీ కంటే ముందు ఫోన్లో బిల్లు స్టేటస్ చూస్తారు. టోకెన్ నంబరు ఆయనకు ఎక్కాల్లా కంఠస్థం. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు, ఇంటి లోను, రెండూ ఆ నంబరు మీదే ఆశ పెట్టుకున్నాయి.

"ఏం మాస్టారూ, పడ్డాయా?"

"ట్రెజరీలో పాసైంది నాయనా. ఈ-కుబేర్‌లో ఉంది."

ఈ-కుబేర్ అంటే రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ. ఆ సమాధానం నెలల తరబడి మారలేదు. తిరుమల వెంకన్న పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని కదా మన నమ్మకం. దేవుడు నోరెత్తకుండా కడుతున్నాడు. ప్రభుత్వాలకు మాత్రం వడ్డీ మాటెత్తితే ఒంటికి కారం రాసినట్టుంటుంది. 2020లో కొవిడ్ పేరు చెప్పి ఆంధ్రప్రదేశ్ జీతాలతోపాటు పింఛన్లలోనూ కొంత ఆపింది. ఓ విశ్రాంత న్యాయమూర్తి కోర్టుకెళ్తే హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇవ్వమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టు మెట్లెక్కి 2021 ఫిబ్రవరిలో దాన్ని 6 శాతానికి బేరమాడుకుని వచ్చింది. పింఛన్ దయాధర్మం కాదు, హక్కు అని అదే సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తేల్చి చెప్పింది. ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినోత్సవం జరుపుతాం. మళ్లీ శాలువాలు కప్పుతాం. మాస్టారి ఇంట్లో ఇప్పటికే బీరువా నిండా శాలువాలే.

మాజీ ఎంపీలకు ఈ యాతనేమీ లేదు. 2025 మార్చిలో వాళ్ల పింఛన్ 25 వేల నుంచి 31 వేలైంది, అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కేసి. వాళ్లలో టోకెన్ నంబరు ఎవరికైనా గుర్తుండాల్సి వచ్చిందా?

ఇక పథకాల పేర్ల సంగతి. ఓపీఎస్, సీపీఎస్, ఎన్‌పీఎస్, జీపీఎస్, యూపీఎస్. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లకు సీపీఎస్ అనే చందా పింఛన్ వచ్చింది. 2019 ఎన్నికల ముందు, అధికారంలోకొచ్చిన వారంలో దాన్ని రద్దు చేస్తామని వైఎస్సార్ కాంగ్రెస్ మాటిచ్చింది. గెలిచాక అందులో సాంకేతిక ఇబ్బందులున్నాయని తెలిసింది. ఎన్నికల ముందు కనపడకుండా గెలిచాకే కనిపించే ఇబ్బందులను మన దగ్గర సాంకేతికమైనవి అంటారు. 2023లో జీపీఎస్ అనే గ్యారంటీ పింఛన్ చట్టం చేసి ఊరుకున్నారు.

పాత పింఛనే (ఓపీఎస్) కావాలనే సంఘాల నాయకులూ ఒక సంగతి దాటేస్తారు. పాత పద్ధతిలో నిధి అంటూ ఏదీ లేదు. ఈ ఏడు వసూలైన పన్నులోంచే ఈ ఏడు పింఛన్. ఆ పన్ను కట్టేవాళ్లలో ఈపీఎస్-95 (భవిష్యనిధి ఖాతాదారుల పింఛన్ పథకం) కింద నెలకు వెయ్యి రూపాయల కనీస పింఛన్ తీసుకునే మిల్లు కార్మికుడూ ఉన్నాడు. 2014 నుంచి ఆ వెయ్యి అలాగే ఉంది. సబ్బు కొన్నప్పుడల్లా ఆయన మాస్టారి పింఛన్‌కు చందా వేస్తున్నాడు. ఈ మాట ధర్నాచౌక్ మైకులో వినపడదు.

నన్నడిగితే చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. సర్వీసు రిజిస్టర్లు ముందేసుకుని, వచ్చే పదేళ్లలో ఏ నెలలో ఎందరు దిగుతారో, ఎంత కావాలో పట్టిక కట్టి బడ్జెట్ పుస్తకంలో అచ్చేయాలి. జీతాల బిల్లు పాసైన ప్రతినెలా గ్రాట్యుటీ, సెలవుల నగదు కోసం కొంత మొత్తం వేరే నిధిలో వేసి, దాని మీద ఇంకెవరి చెయ్యీ పడకుండా తాళం వేయాలి. గడువు దాటితే కోర్టుకెళ్లకుండానే వడ్డీ పడాలి. ఈ మాటే ఆర్థిక శాఖలో పనిచేసి దిగిన ఓ పెద్దాయనతో అన్నాను. ఆయన ఓపిగ్గా విని, కళ్లద్దాలు తుడుచుకుని అడిగారు:

"బానే ఉందయ్యా. డబ్బు పక్కన పెట్టేది ఎవరి హయాంలో? పంచి ఫొటో దిగేది ఎవరి హయాంలో?"