పట్టేసిన నట్టు: టీకాతాత్పర్య సహితం

అవతారిక

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఒక బైకు షెడ్డు. ఇంజను పనికి వచ్చిన పాత బండి స్టాండు మీద ఉంది. హెడ్డు విప్పాలంటే ముందు సైలెన్సరు ఊడాలి. సైలెన్సరు ఊడాలంటే దాని మెడ దగ్గరి రెండు నట్లు రావాలి. ఒకటి వచ్చింది, రెండోది రానంది. యజమానికేమో సాయంత్రానికల్లా డోన్‌లో ఉండాలి. ఆ సందర్భంలో మెకానిక్కు పలికిన వాక్యం ఇది. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం విన్నాం; రాళ్ల ఊరిది కనుక దీనిది పాషాణపాకం. సామాన్యులకు కొరుకుడు పడదని వ్యాఖ్యానిస్తున్నాం.

మూలం

"నట్టు పట్టేసిందిన్నా. ఇప్పుడు తిప్పితే స్టడ్డు తెగుతాది. డీజిల్ పోసినా. రేప్పొద్దున రాపో."

ప్రతిపదార్థం

నట్టు = పుట్టుకతో ఆరు మూలలు గలదై, పూర్వపు మెకానిక్కుల దయవల్ల అందులో రెండు అరిగినట్టిది; పట్టేసింది = స్టడ్డుతో ఒకటైపోయింది; అన్నా = ఓ యజమానీ, కోప్పడకుము; ఇప్పుడు = నీవు నెత్తిన నిలబడి తొందరపెడుతున్న ఈ క్షణమున; తిప్పితే = స్పానరుకు పైపు తొడిగి బలము చూపినచో; స్టడ్డు = హెడ్డులో నాటుకొని ఉన్న మరల కడ్డీ; తెగుతాది = తెగును (సందేహము లేదు); డీజిల్ = డీజిలును; పోసినా = పోసితిని, నా వంతు అయినది; రేప్పొద్దున = రేపటి ఉదయమున (పదకొండు దాటాక అని సంప్రదాయజ్ఞులు); రాపో = ఇక పొమ్ము, రేపు రమ్ము.

టీక

"పట్టేసింది": తార్కికుల మతంలో సంబంధం రెండు విధాలు. విడదీయ వీలైనది సంయోగం, వీలుకానిది సమవాయం. కంపెనీలో బిగించిన నాడు నట్టుకూ స్టడ్డుకూ ఉన్నది సంయోగమే. దాన్ని సమవాయం చేసింది తుప్పు. ఇనుము తుప్పుగా మారితే మునుపటికంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరకూ మరకూ మధ్య ఉన్నదే వెంట్రుకవాసి సందు. అందులో తుప్పు ఊరితే నట్టు ఎటు కదులుతుంది? పైగా సైలెన్సరు వేడి, వాటర్ సర్వీసు నీళ్లు, ఆ తడిని వదలకుండా పట్టుకుని కూర్చునే నాపరాతి పిండి.

"తెగుతాది": ఇది శాపం కాదు, అనుభవం. తుప్పు విడితే నట్టు "టక్" మంటుంది. ఆ చప్పుడు రాకుండా స్పానరు మెత్తగా సాగుతున్నట్టు తిరిగిందంటే నట్టు రావడం లేదు, స్టడ్డు మెలితిరుగుతోంది. యజమాని "వస్తాంది, వస్తాంది" అని సంబరపడేది సరిగ్గా అప్పుడే. మెకానిక్కు చెయ్యి ఆపేదీ అప్పుడే.

పాఠాంతరం: ఈ నట్టుకు సరైన పాఠం 12 నంబరు రింగు స్పానరు. "అర అంగుళం" అని కొన్ని ప్రతులలో కనిపిస్తుంది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ 0.7 సందులోనే మూలలు రెండూ అరిగిపోయాయి. "స్క్రూ స్పానరు" అనే పాఠం మరీ హేయం. రింగు ఆరు మూలలనూ పట్టుకుంటుంది, స్క్రూ స్పానరు రెండు పలకలనే పట్టి జారుతుంది.

అపవాదం: నట్టు ఎడమకు తిప్పితే వదులవుతుందన్నది సామాన్య సూత్రం. సైకిలు ఎడమ పెడలు దీనికి అపవాదం, అది కుడికి తిప్పితేనే వస్తుంది. కాబట్టి పట్టేసిందని తీర్మానించే ముందు తిప్పుతున్న దిక్కు సరైనదో కాదో చూసుకోవడం వ్యాఖ్యాత ధర్మం, మెకానిక్కు ధర్మం కూడా.

శంక: పైపు తొడిగి ఇద్దరు లాగినా రానిది, చెంచాడు డీజిలుకు వస్తుందా?

సమాధానం: ఈ ఊరి దగ్గరే బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి ప్రాచీన జంతువుల ఎముకలు వెలికితీశారు. వాళ్లు తవ్వింది గుహలోని మట్టినే. గుహను తొలిచింది మాత్రం సున్నపురాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు. సందు దొరికితే ద్రవం పోగలదు, కావలసింది వ్యవధి. డీజిలుకు కావలసినదీ అదే. యజమాని దగ్గర లేనిదీ అదే.

ఉత్తరభాగం

మర్నాడు జరిగినది సంగ్రహంగా: వైరు బ్రష్షుతో మరలు రుద్దాడు. మళ్లీ నాలుగు చుక్కలు వేశాడు. చిన్న సుత్తితో నట్టు నెత్తిన, పక్కలా తట్టాడు. విరగ్గొట్టే దెబ్బలు కావవి, తుప్పు పొర చిట్లడానికి చాలినంతవే. రింగు వేసి మొదట ఒక పిసరు బిగించాడు. వదులు చేయవలసినదాన్ని బిగించడం విరోధాభాసం. తుప్పు పట్టు తప్పించడానికని తెలిస్తే పరిహారం. "టక్" మంది. పావు చుట్టు ఇవతలికి, అందులో సగం వెనక్కి, మళ్లీ ఇవతలికి. మరల్లోంచి డీజిలు ఎర్రటి బురదై కారింది. నట్టు చేతికొచ్చింది.

రాకపోయి ఉంటే మూడో ఉపాయం అగ్ని. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాకే మంట. 8 మిల్లీమీటర్ల రంధ్రమున్న నట్టును రెండు వందల డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం పెరిగేది మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు. తుప్పు పట్టు సడలడానికి తరచు అది చాలు. అదీ విఫలమైతే ఉలితో నట్టునే చీల్చాలి. నాలుగు రూపాయల నట్టు పోతే పోయింది, స్టడ్డు దక్కుతుంది. స్టడ్డు తెగితే మాత్రం హెడ్డు చంకన పెట్టుకుని లేతు షాపుల చుట్టూ తిరగడమే.

తాత్పర్యం

ఓ యజమానీ! బలం లేక కాదు, ఆ బలం ముందుగా నట్టును కాక స్టడ్డునే తెంచుతుందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను "రేపు" అంటే నీకు బద్ధకంగా వినిపిస్తుంది. నా సామాన్ల డబ్బాలో అన్నిటికంటే అక్కరకొచ్చే పనిముట్టు అదే. దాన్ని నీవు నా చేతిలోంచి లాక్కోకుము.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివి, తిరిగి బిగించేటప్పుడు మరలకు గ్రాఫైటు గ్రీజు పూసి, పైపు తొడగకుండా చెయ్యి పట్టినంతే బిగించినవాడు తన తరవాతి మెకానిక్కు చేత తిట్లు తినడు. చదవనివాడికి డోన్ బస్సు ఉండనే ఉంది.